తనిఖీ పుస్తకానికి ఎక్కని తప్పు

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన బడులు ఎలా నడుస్తున్నాయో చూసి రాయడానికి సర్కారు మనిషిని పెట్టి నూట అరవై ఏళ్లు దాటింది. 1854లో ఈ దేశపు చదువుల మీద ఉడ్ డిస్పాచ్ వచ్చింది. మరుసటి ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీలో విద్యాశాఖ పుట్టింది. అప్పట్లో గంజాం జిల్లాలో ఉన్న టెక్కలి, మందస, ఇచ్ఛాపురం 1936లో ఒడిశా వేరుపడ్డాక విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. జిల్లాలు మారినా ఇన్‌స్పెక్టరు పని పెద్దగా మారలేదు. హాజరు పట్టీ సరిచూడడం, పిల్లల చేత చదివించడం, లెక్కలు చేయించడం, ఎందరు గట్టెక్కారో చూసి గ్రాంటుకు సిఫారసు చేయడం. ఆ చూపు చురుకైనదే. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఈ ఉత్తర జిల్లాలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, పిల్లలకు నేర్పే తెలుగుకీ ఇంట్లో మాట్లాడే తెలుగుకీ అంత దూరం ఎందుకని అడిగాడు. పర్లాకిమిడిలో పాఠం చెప్పే గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను ఉద్యమంగా మలిచాడు. పాఠ్యపుస్తకంలోని భాషను అనుమానించగలిగిన తనిఖీ, గదిలో పిల్లతో పంతులు ఎలా మెలుగుతున్నాడని మాత్రం అడగలేదు. అడగడం దాని పనుల్లో లేదు. బడిలో లైంగిక దుష్ప్రవర్తనను విచారించడం ఈ ప్రాంతంలో ఎన్నడూ ఒక వృత్తిగా ఎదగలేదనీ, ఆ లోటు మనుషుల మంచిచెడ్డల కన్నా ఈ పాత కొలువు రూపంలోనే ఉందనీ నేనంటాను.

స్వాతంత్ర్యం తరవాత యాజమాన్యాలు మారాయి. 1959 చట్టంతో ప్రాథమిక బడులు పంచాయతీ సమితులకు, హైస్కూళ్లు జిల్లా పరిషత్తులకు వెళ్లాయి. ఎనభైల నడుమ మండలాలు వచ్చాక మండల విద్యాధికారి (ఎంఈవో) వచ్చాడు. పంతులు మీద ఫిర్యాదు వస్తే దారి మాత్రం ఒకటే, ఉద్యోగుల నియమావళి. 1964 నాటి ప్రవర్తనా నియమాలు, 1991 నాటి క్రమశిక్షణ నియమాల ప్రకారం ఆ తగువు సర్కారుకూ దాని ఉద్యోగికీ మధ్యది. అభియోగ పత్రం, సంజాయిషీ, విచారణాధికారి, నివేదిక, అన్నీ ఆ ఇద్దరి మధ్య నడుస్తాయి. పిల్ల అందులో వాది కాదు, సాక్షి మాత్రమే. సాక్ష్యం చెబితే మేస్టారి తరఫు ప్రశ్నలకు నిలబడాలి, చెప్పకపోతే కేసు నిలవదు. ఇక ఊరికి తెలిసిన సులువైన విరుగుడు బదిలీ. విచిత్రమేమిటంటే 1991 నియమాల శిక్షల జాబితాలో బదిలీ అన్నదే లేదు. మందలింపు, ఇంక్రిమెంటు కోత, హోదా తగ్గింపు, తొలగింపు ఉన్నాయి. జాబితాలో లేనిదే వాడుకలో శిక్షయింది. సర్వీసు రిజిస్టరులో బదిలీ తేదీ పడుతుంది, కారణం పడదు. కొత్త ఊరి హెడ్మాస్టరుకు ఆ కారణం తెలిసే దారి లేదు.

ఇక్కడ బడిపంతులుకున్న మర్యాదను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1960ల చివర గిరిజన రైతుల పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ ఉపాధ్యాయులే. కొండ మీద సవర గూడేనికీ, పల్లంలో జాలరి పేటకీ చదువంటే చాలాకాలం ఒక్క మేస్టారే. ఆ గౌరవాన్ని ఎంతోమంది పంతుళ్లు నిజంగానే సంపాదించుకున్నారు. అయితే అదే గౌరవం ఒక్క చెడ్డవాడికి గొడుగు పట్టినా పట్టవచ్చు. పిల్ల మాట, మేస్టారి మాట ఎదురెదురుగా నిలబడితే ఊరు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? పైగా ఈ సీమలోని ఉద్దానం నుంచి వలస పాతది. కిడ్నీ జబ్బు ఇళ్లను కుంగదీసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. తండ్రి దూర దేశంలో, తల్లి పలాస జీడిపప్పు కార్ఖానాలో, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉన్న ఇంట్లో కంప్లైంటు రాసి వెంటపడేదెవరు? పెద్దమనుషుల రాజీకి అదే అదను. రాజీ కుదిరితే పిల్ల పరువు నిలుస్తుందంటారు. ఆ మాటకు సుప్రీంకోర్టు 2024 నవంబరులో జవాబిచ్చింది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద కేసును, తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, ఇది సమాజంపై నేరమనీ రాజీతో తుడిచిపెట్టలేమనీ చెప్పి కేసును తిరిగి నిలబెట్టింది.

చట్టం ఈ చోటికి చేరడానికి చాలాకాలం పట్టింది. 1872 సాక్ష్య చట్టం, అత్యాచారం కేసులో బాధితురాలి నడతను ఎత్తిచూపి ఆమె మాటను కొట్టిపారేసే వీలు కల్పించింది. ఆ నిబంధన పోవడానికి 130 ఏళ్లు పట్టింది. 1973లో రాంచీ మెడికల్ కాలేజీ కేసులో, హాస్టల్ అమ్మాయిల వాంగ్మూలాలను నిందితుల ఎదుట కాకుండా విడిగా తీసుకోవడం తప్పు కాదని సుప్రీంకోర్టు అంది. 1996లో ఒక నవోదయ ఉపాధ్యాయుడి తొలగింపును సమర్థిస్తూ, విద్యార్థినిని అడ్డుప్రశ్నల పాలు చేయకుండా సంక్షిప్త విచారణ చాలనొప్పుకుంది. చివరికి 2012లో, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వచ్చింది. బడి సిబ్బంది చేసిన నేరాన్ని మరింత తీవ్రమైనదిగా లెక్కగట్టింది. తెలిసినవారు చెప్పి తీరాలంది, కింది ఉద్యోగి తప్పును దాచిన సంస్థాధిపతికి ఏడాది దాకా జైలు పెట్టింది. పోలీసులు యూనిఫాం లేకుండా పిల్ల ఇంటికో, పిల్ల కోరిన చోటికో వెళ్లి వాంగ్మూలం రాసుకోవాలంది. అవసరమైతే దుబాసీని పెట్టమంది. మందస కొండల్లో సవర, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే పిల్లలున్న ఈ సీమకు ఈ చివరి మాట చాలా ముఖ్యం. సవరకు వ్యాకరణం రాసిన గిడుగు ఉంటే ముందుగా దీన్నే పట్టుకునేవాడేమో.

అయితే పోలీసు, పోక్సో ఉండగా వేరే విచారణాధికారి ఎందుకని అడగవచ్చు. పోలీసు వెతికేది నేరాన్ని. నేరానికి ముందు మెట్లుంటాయి. ఒక్క పిల్లనే సెలవు రోజున రమ్మనడం, ఫోనులో రాత్రి సందేశాలు, అనవసరపు తాకుళ్లు, కానుకలు. వీటిలో కొన్ని ఏ సెక్షన్ కిందికీ రాకపోవచ్చు గానీ బడిలో సహించరానివే. కోర్టులో సందేహం మిగిలితే నిర్దోషి, శాఖాపరంగా సంభావ్యత చాలు. రెండు కొలతలూ వేరు. ఆ రెండో కొలత వేసేది ఇప్పుడెవరు? అదే శాఖలో మరో అధికారి, తన పని మధ్య, రేపు అదే సంఘం సభల్లో కలిసే సహోద్యోగి మీద. వేరే దారి లేకపోలేదు. షికాగో నగరంలో 2018లో బడుల్లో లైంగిక వేధింపుల మీద పత్రికా పరిశోధన బయటపెట్టిన విషయాల తరవాత, ఈ విచారణలను స్కూలు బోర్డు న్యాయ విభాగం నుంచి తప్పించి, ఇన్‌స్పెక్టర్ జనరల్ కింద పూర్తికాలపు విభాగానికి అప్పగించారు. ఆ పనికి నేర్పు కావాలి. పిల్లను ఒక్కసారే, జవాబు నోట్లో పెట్టకుండా అడగాలి. మొదట ఎవరితో చెప్పిందో పట్టుకోవాలి. టైంటేబులు, హాజరు పట్టీ, గది తాళం ఎవరి దగ్గరుందో సరిపోల్చాలి. ఆ పంతులు అంతకు ముందు పనిచేసిన ఊళ్లన్నిటికీ వెళ్లి అడగాలి.

కక్షతో పెట్టే దొంగ ఫిర్యాదుల మాటేమిటని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన భయమే. పార్టీల తగాదాలు బడి గుమ్మం దాకా వచ్చే ఊళ్లున్నాయి. కానీ నిర్దోషి మేస్టారికి ఇప్పటి పద్ధతి చేసే మేలేమిటి? సస్పెన్షన్‌లో ఏళ్లు గడుపుతాడు, లేదా కారణం రాయని బదిలీతో మచ్చను మోసుకుపోతాడు. నేర్పున్నవాడు తొందరగా తేల్చితే ఎక్కువ లాభం అతనికే. డబ్బు సంగతంటారా, జిల్లాకొక పెద్ద కార్యాలయం అడగడం లేదు. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వంద కిలోమీటర్ల పైమాట. అక్కడి నుంచి అమ్మమ్మ, మనవరాలు రావాలనడం న్యాయం కాదు. పలాస 2022లో రెవెన్యూ డివిజన్ అయింది, టెక్కలి అంతకు ముందే డివిజన్. ఈ రెండు చోట్లా విద్యాశాఖతో సంబంధం లేకుండా, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు జవాబుదారీగా, ఇద్దరేసి మహిళా విచారణాధికారులను నియమించాలి. బదిలీకి కారణం సర్వీసు రిజిస్టరులో రాయడాన్ని తప్పనిసరి చేయాలి. రెండో దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.