సి.బుక్కులో ఎవరి పేరు?

2024 ఎండాకాలంలో మా అమ్మాయి ధర్మవరం నుంచి ఫోన్ చేసి, "అమ్మా, సెకండ్‌హ్యాండ్ కారు ఒకటి చూస్తాండాము" అంది.

"మంచిదే. మైలేజీ బాగా ఇచ్చేది చూసుకోండి" అన్నాను.

"మైలేజీ సరేలే. నాకు నడపబుద్ధయ్యే కారు కావల్ల."

"రెండేండ్ల బిడ్డను పెట్టుకోని సరదా ఏందిమే?" అనేశాను.

"బిడ్డ ఉంటే సరదా ఉండకూడదా?" అని నవ్వి ఫోన్ పెట్టేసింది.

ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని. ఆడవాళ్ళ చదువు గురించి, ఆస్తిహక్కు గురించి సభల్లో మాట్లాడినదాన్ని. కూతురు కారు 'అవసరం' అని ఉంటే వెంటనే తల ఊపేదాన్ని. 'సరదా' అనేసరికి నా నోట్లోంచి మా అత్త గొంతు ఎందుకు వచ్చింది? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఇంతవరకు ఎక్కిన బండ్లన్నీ, వాటిలో నేను కూర్చున్న చోట్లన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

మాది కొత్తచెరువు. అప్పట్లో అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పేరులో చెరువుంది గాని మా బతుకంతా మబ్బు కోసం ఎదురుచూపే. 1986లో పెళ్ళై ఈ ఊరికి వచ్చేటప్పటికి మా వీధిలో కారు లేదు. ఎక్కడికి పోవాలన్నా ఎర్ర బస్సే. పెద్దమ్మాయి పుట్టాక మా ఆయన బజాజ్ చేతక్ కొన్నాడు. తర్వాత అబ్బాయి పుట్టాడు. పెద్దది ముందర నిలబడేది. ఆయన నడిపేవాడు. నేను వెనక ఒకపక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో పసివాడిని, ఇంకో చేత్తో స్పేర్ చక్రాన్ని పట్టుకునేదాన్ని. సంచీ ఒళ్ళోనే. చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా చూసుకోవడం మరో పని. ఆ బండి మీద ఆయన చేసేది ఒక్క పని, నేను చేసేది నాలుగు పనులు. అయినా బండి నడిపింది ఆయనే అంటాం.

ఈ దృశ్యం దేశమంతా చూసినదే. వానలో స్కూటర్ మీద తడుస్తూ పోయే ఇలాంటి కుటుంబాన్ని చూసే లక్ష రూపాయల కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పారు. 2008 జనవరిలో నానోను చూపించారు, 2009లో అమ్మకానికి తెచ్చారు. పదేళ్ళు తిరక్కుండానే, 2018కల్లా దాని తయారీ దాదాపు ఆగిపోయింది. 'అన్నిటికంటే చవక కారు' అనే పేరే దానికి శత్రువైందన్నారు. పేదవాళ్ళకైనా కారు అంటే చవక ఒక్కటే కాదు, కొంచెం గర్వం, కొంచెం సంతోషం కూడా కావాలి. మా అమ్మాయి అన్న మాట కూడా అదే కదా అని ఇప్పుడనిపిస్తోంది.

అంతకు ముందు మధ్యతరగతి కలల కారు మారుతి 800. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళాలను ఇందిరాగాంధీ హర్పాల్ సింగ్ అనే ఆయన చేతిలో పెట్టారు. ఇచ్చిన చెయ్యి స్త్రీది, అందుకున్న చెయ్యి పురుషుడిది. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు మా ఇంటి కథ గుర్తొస్తుంది.

1998లో మేమూ ఒక పాత మారుతి కొన్నాం, బెంగుళూరులో. రంగు తెలుపు. కొన్నాం అంటున్నాను గాని, నేను దాన్ని మొదటిసారి చూసింది ఇంటి ముందు ఆగాకే. డబ్బులో సగం మాత్రం నా నాలుగు గాజులు, కాసుల దండ. మా ఆయన లాక్కోలేదు, అడిగే తీసుకున్నాడు. నేనూ సంతోషంగానే ఇచ్చాను. కారులో ముందు సీటు మామయ్యది. వెనక అత్త, నేను, ఇద్దరు పిల్లలు. స్కూటర్ మీద వెనక కూర్చున్నదాన్ని కారులోనూ వెనకనే కూర్చున్నాను. చిన్నవాడు, సంచీ, టిఫిన్ క్యారియర్ ఒళ్ళోకి అలాగే వచ్చేశాయి. "నేర్చుకుంటాను" అని ఒకసారి అన్నాను. "క్లచ్చు పోతుంది" అన్నారు. అంతటితో ఆ మాట అయిపోయింది.

2002లో వానలు లేవు. వేరుశనగ మాడిపోయింది. బోరు వేయించడానికి కారు అమ్మేశారు. కొన్నవాళ్ళు తాళాల కోసం వచ్చిన రోజే నాకు తెలిసింది. యాజమాన్యం మార్చే కాగితాల మీద అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు సంతకం పెట్టాలి. నా సంతకం అవసరం పడలేదు. సి.బుక్కులో నా పేరుంటే కదా! బోరులో నీళ్ళు రాలేదు, తెల్లటి దుమ్ము లేచింది. ఆ దుమ్ములో నా గాజులూ ఉన్నాయనుకున్నాను.

మా ఆయన చెడ్డవాడు కాదు. పొలం ఎండుతుంటే రైతు ఏం చేస్తాడో అదే చేశాడు. నా బాధ అమ్మినందుకు కాదు, అడగనందుకు. స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు గురించి నేను క్లాసులో పాఠం కూడా చెప్పాను. కానీ ఆచరణలో బంగారం బంగారంగా ఉన్నంతవరకే నాది. కారుగా మారగానే అది పుస్తకంలో పేరున్నవాళ్ళది. 1988 మోటారు వాహనాల చట్టం కూడా వాహనం ఎవరి పేరున రిజిస్టరై ఉంటే వాళ్ళే యజమాని అంటుంది. డబ్బు ఎవరిదో ఆ పుస్తకం అడగదు.

ఇది మన పల్లెల కథే అనుకుంటాం. అసలు కారు పుట్టుకలోనే ఈ కథ ఉంది. జర్మనీలో బెర్తా రింగర్ అనే అమ్మాయి 1871లో, పెళ్ళికి ముందే, తన కట్నం డబ్బులో కొంత ఇచ్చి, కాబోయే భర్త కార్ల్ బెంజ్‌ను భాగస్వామి నుంచి విడిపించి వ్యాపారం నిలబెట్టింది. 1886 జనవరిలో మోటారు బండికి పేటెంటు వచ్చినప్పుడు కాగితం మీద కార్ల్ పేరు ఒక్కటే. కానీ బండిని ఎవరూ కొనలేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున బెర్తా భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆ బండిలో బయలుదేరింది. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్ల పైమాటే. అంత దూరం ఎవరూ కారులో పోయింది లేదు. దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. వైరుకు తొడుగు అరిగిపోతే మేజోళ్ళ పట్టీ చుట్టింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. చీకటి పడే వేళకు పుట్టిల్లు చేరి భర్తకు టెలిగ్రాం ఇచ్చింది.

చరిత్రలో మొదటి దూరప్రయాణపు డ్రైవరు పిల్లల తల్లి. కారు పనికొస్తుందని లోకానికి చూపించింది ఆమె. 'బిడ్డను పెట్టుకోని సరదా ఏంది' అని అన్నది, ఈ కథ తెలిసిన చరిత్ర పంతులమ్మ!

అందుకే కారు చూడటానికి నేనూ వస్తానన్నాను. వాళ్ళ దగ్గర ఉన్నది అయిదు లక్షలు. అందులో మూడు లక్షలు మా అమ్మాయి జీతం మీద అప్పు. బంధువులంతా పాత ఆల్టో చూడమన్నారు. ఖర్చు తక్కువ, మళ్ళీ అమ్మినా ధర వస్తుంది అని. మా అమ్మాయి మాత్రం 2018 తర్వాత వచ్చిన స్విఫ్ట్ కావాలని కూర్చుంది. చురుకుగా కదులుతుందట, మలుపుల్లో చేతికి చెప్పినట్టు వింటుందట. అది ఒక కారణం. ఇంకో కారణం విన్నాక నేను నోరు మూసుకున్నాను.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన చిన్న కార్లు అయిదింటిని గోడకు గుద్దించి పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, నానోతో సహా అన్నిటికీ సున్నా నక్షత్రాలు. అదే ఏడాది నవంబరులో అప్పటి స్విఫ్టుకూ సున్నాయే. 2018లో వచ్చిన కొత్త స్విఫ్టులో అన్ని రకాలకూ రెండు ఎయిర్‌బ్యాగులు, పిల్లల సీటు బిగించే కొక్కేలు పెట్టారు. దానికి వచ్చినవీ అయిదింటిలో రెండు నక్షత్రాలే. "గొప్పేం కాదుమా. మా డబ్బుకు ఇంతే వస్తుంది. సున్నా కంటే రెండు మేలు కదా" అంది.

ఆ పరీక్షల బొమ్మల కథ కూడా తనే చెప్పింది. 1970ల నుంచి ప్రపంచమంతా ప్రమాణంగా వాడుతున్న బొమ్మ సగటు అమెరికన్ మగవాడి కొలతలది. 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు అమెరికాలో పదేళ్ళ ప్రమాదాలు పరిశీలిస్తే, బెల్టు పెట్టుకుని నడుపుతున్న స్త్రీలకు తీవ్రగాయాలయ్యే అవకాశం అలాంటి ప్రమాదాల్లోనే పురుషులకంటే 47 శాతం ఎక్కువని తేలింది. మన శరీరాన్ని లెక్కలోకి తీసుకోకుండా కట్టిన సీట్లో మనం కూర్చుంటున్నాం.

మూడు కార్లు చూశాం. మొదటిది బెంగుళూరు బండి, తళతళలాడుతోంది. మా అమ్మాయి సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగింది. అడుగున బురద చార. 2022 సెప్టెంబరు వానల్లో బెంగుళూరులో ఎన్ని కార్లు మునిగాయో గుర్తుంది కదా. కరువు సీమవాళ్ళం, నీళ్ళలో మునిగిన కారు కొనబోయాం! రెండోదాని మీటరు నలభై వేలు చూపిస్తోంది గాని పెడళ్ళ రబ్బరు నున్నగా అరిగిపోయింది. మూడోది ఎ.పి. 02 నంబరు బండి, అనంతపురం టీచరమ్మది. సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి. టైరు మీద చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరమని నాకు ఆ రోజే తెలిసింది.

మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. ప్రశ్నలడుగుతున్నది మా అమ్మాయి, జవాబులు మాత్రం అల్లుడికి. రెండుసార్లు ఊరుకుని మూడోసారి అల్లుడే, "అన్నా, నడిపేది ఆమె. ఆమెకు చెప్పు" అన్నాడు. మెకానిక్ సిగ్గుపడ్డాడు. నిజం చెప్పాలంటే నేనూ అంతవరకు అల్లుడి ముఖమే చూస్తున్నాను.

బేరం కుదిరాక నేను ఇంకో తప్పు చేశాను. "సి.బుక్కు అల్లుడి పేరున రాయించు. బాగుంటుంది" అన్నాను. మా అమ్మాయి నా చేతులవంక చూసింది. గాజుల సంగతి దానికి తెలుసు. ఏమీ అనలేదు. కాగితాల్లో తన పేరు రాసింది. పేరు కింద కుమార్తె లేక భార్య అని ఇంకో గడి ఉంటుంది. మన పేరు ఎక్కినా దాని కింద ఒక మగవాడి పేరు ఉండాల్సిందే. ఆ పోరాటం ఇంకా మిగిలే ఉంది.

చివరిది ఒడి సంగతి. పాపకు వేరే సీటు కొంటామంటే నేను నొచ్చుకున్నాను. "నేను ఒళ్ళో పట్టుకోనా?" అన్నాను. "నువ్వు పట్టుకుంటావుమా. బండి గుద్దుకుంటే నీ చేతులు పట్టుకోలేవు" అంది. 2019లో మోటారు చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. తల్లి ఒడిని మించిన రక్షణ లేదని మనం ఎన్నో తరాలుగా వింటున్నాం. ఆ మాట చాటున ఆడదాని ఒడి కుటుంబానికి సీటు అయింది, సామాను గూడు అయింది. ఖర్చు లేకుండా దొరికింది కాబట్టి వేరే ఏర్పాటు గురించి ఎవరూ ఆలోచించలేదు.

దసరాకు మా అమ్మాయి తనే నడుపుకుంటూ కొత్తచెరువు వచ్చింది. మరుసటి రోజు బుక్కపట్నం చెరువు చూద్దామని బయలుదేరాం. అల్లుడు వెనక పాప పక్కన కూర్చున్నాడు. పాప తన సీట్లో కాళ్ళాడిస్తోంది. నన్ను ముందు కూర్చోబెట్టి బెల్టు పెట్టింది మా అమ్మాయి. ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. గేరు మార్చి కొంచెం వేగం పెంచింది. దాని ముఖంలో సంతోషం చూశాను.

నా ఒళ్ళో బిడ్డ లేదు, సంచీ లేదు. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తోచలేదు.