పాటకు వరస ఎవరిచ్చారు?

ఇరవై ఏళ్ల కిందట జనగామ పరిసరాల్లో స్త్రీల పాటలు సేకరిస్తున్నప్పుడు నా దగ్గర ఒక చిన్న టేప్ రికార్డరు, లెక్కపెట్టి కొనుక్కున్న క్యాసెట్లు ఉండేవి. బతుకమ్మ పాటలో ముందు పాడే ఆమె ఒక పాదం చెప్పగానే గుంపు ‘ఉయ్యాలో’ అని అందుకుంటుంది. అక్కడ నేను పాజ్ మీట నొక్కేదాన్ని. అందరికీ తెలిసిన మాటే కదా, టేపు దండగ అనుకునేదాన్ని. నోటుపుస్తకంలో కూడా ‘ఉయ్యాలో’ ఒక్కసారి రాసి, కింద చుక్కలు పెట్టేదాన్ని. నాకు కావలసింది సాహిత్యం. సాహిత్యమంటే మాటలు.

ఒక సాయంత్రం పాట చెప్పే పెద్దమ్మ నా చేతివైపు చూసి ఆగిపోయింది. “గది ఎందుకు బంద్ జేస్తున్నవ్ బిడ్డా? ఉయ్యాలో అని ఊకనే అంటమా? వాళ్లు అందుకున్నప్పుడే నేను దమ్ము తీసుకుంట. ముంగటి మాట యాదికొచ్చేది గప్పుడే.”

ఆ మాట తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. మళ్లీ వెళ్లి, ఏమీ రాసుకోకుండా కూర్చుని విన్నాను. నాలుగైదు స్వరాల మధ్యే తిరిగే పాట. మొదట్లో అంతా ఒకే తీరుగా వినిపించింది. మెల్లగా తేడాలు తెలిశాయి. ఆమె అచ్చును ఎక్కడ సాగదీస్తోంది, అక్షరాలు ఎక్కువైన పాదాన్ని చప్పట్ల మధ్య ఎలా ఇముడుస్తోంది, పాదం పూర్తికాకముందే గుంపు ఎలా అందుకుంటోంది. నేను వదిలేసిన చోటే తరువాతి పాదం తయారవుతోంది!

ఇది పోరాటాల నేల. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, సంఘం అండతో తన పంటను దక్కించుకుంది. ఆ రోజుల్లో సంఘం మాట చదువురాని ఇళ్లలోకి పాటగానే వెళ్లింది. గొల్లసుద్దులు, బుర్రకథ, కోలాటం, ఉయ్యాల పాట - జనం నోట అప్పటికే ఉన్న వరసల్లో కొత్త మాటలు కూర్చారు. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటి కవుల పేర్లు మన సాహిత్య చరిత్రలో ఉన్నాయి. ఉండాలి కూడా. కాని ఉయ్యాల వరసలో కట్టిన పాటను ఆడవాళ్లు వినగానే పాడుకోగలిగారంటే, ఆ వరసను తరతరాలుగా నోట నిలిపి ఉంచుకున్నది వాళ్లే కాబట్టి. ఆ శ్రమనంతా మనం ‘జానపద బాణీ’ అన్న రెండు మాటల్లో చుట్టేశాం.

ఇది కొత్త సంగతేమీ కాదు. అదే పాలకుర్తివాడని చెప్పుకునే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాల పేర్లు చెప్పాడు. పేర్లు మనదాకా వచ్చాయి. ఆనాడు వాటిని ఎవరు ఏ వరసలో పాడారన్నది రాలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాట స్త్రీలు తమ కథ తామే చెప్పుకున్నారు. నన్ను ఊళ్లకు పంపింది ఆ పుస్తకమే. అయినా ‘స్త్రీల గొంతు’ అన్నప్పుడల్లా నేను దాన్ని ఉపమానంగానే తీసుకున్నాను. గొంతుకు ఊపిరి, శ్రుతి ఉంటాయన్నది మరిచిపోయాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో జిల్లాలయ్యేదాకా వరంగల్ జిల్లాలోవే. పాటల కోసం ఆ రెండువైపులకూ తిరిగాను. మహబూబాబాద్ దగ్గరి ఒక తండాలో పెళ్లికూతురు తల్లిని కావలించుకుని ఢావ్లో పాడుతోంది. గోర్ బోలి నాకు రాదు. రాసుకోవడానికేమీ లేక విన్నాను. పైస్థాయిలో ఎత్తుకున్న పాట మెట్టుమెట్టుగా దిగి, ఒక వెక్కులో తెగిపోతుంది. తరువాత చెల్లెలిని పట్టుకున్నా, మేనత్తను పట్టుకున్నా మళ్లీ అదే ఎత్తు, అదే దిగుడు. ఆ ఏడుపు చిన్నప్పటినుంచీ విని నేర్చుకున్న విద్య.

భూపాలపల్లి వైపు నాట్లు వేస్తున్న చోట ఇంకో పాఠం దొరికింది. రెండు మడులకవతల ఉన్న గుంపుకు గాలిలో మాటలు అందడం లేదు. అయినా వాళ్లు సరిగ్గా తమ వంతుకు అందుకుంటున్నారు. ఎలా అని అడిగితే నవ్వారు. “మాట ఇనరాకుంటేంది, వరస ఇనొస్తది గద!”

మన దగ్గర వరస అంటే చుట్టరికం, పాట నడక కూడా. అప్పటినుంచి పాటతోపాటు ‘ఈ వరస ఎవరి దగ్గర నేర్చుకున్నావు?’ అని అడుగుతున్నాను. అమ్మమ్మ దగ్గర, తోడికోడలి దగ్గర, కూలికి కలిసి వెళ్లిన వేరే కులపామె దగ్గర అని చెబుతారు. ఏ పట్టా కాగితంలోనూ కనపడని ఆడవాళ్ల పేర్లు అలా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పెళ్లితో ఇంటిపేరు మారినవాళ్లు కూడా పుట్టింటి వరసలోనే పాడుతున్నారు. మన చరిత్రకు ఇదీ ఒక ఆధారమే. దాన్ని అందుకోవాలంటే ముందు చెవికి పని చెప్పాలి.

జనగామ పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె క్యాసెట్ నా దగ్గర ఉంది. పెట్టి వింటే ఒక పాదం, టక్కుమని తెగిన చప్పుడు, వెంటనే మరో పాదం. ఆమె వెనక ఎందరు పాడారో, ఎవరి గొంతు ఎలా ఉండేదో అందులో లేదు. ఆమె దమ్ము తీసుకున్న చోటు కూడా లేదు.