ఆట నేర్పిన ఉపాధ్యాయుడు: జాన్ వుడెన్

బాస్కెట్ బాల్ అను ఆట మన యూళ్లలోని పాఠశాలలకు గూడ పరిచితమైనదే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్ ఫీల్డు పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు లోపలనే ఆడుకొనుటకై రెండు పండ్లబుట్టలను ఎత్తుగా బిగించి దీనిని కల్పించెను. విద్యాలయమున పుట్టిన యీ ఆట విద్యాలయములలోనే పెరిగినది. అందుచేత ఆ దేశమున విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షణ నిచ్చువానికి గొప్ప ఆచార్యునితో సమానమైన పేరు వచ్చుట కలదు. అట్టివారిలో జాన్ వుడెన్ చరిత్ర మనము తెలిసికొనదగినది.

వుడెన్ 1910లో ఇండియానా రాష్ట్రమున ఒక కర్షక కుటుంబమున జన్మించెను. అతని బాల్యములోనే పొలము చేజారిపోగా కుటుంబము మార్టిన్స్ విల్ అను చిన్న పట్టణమునకు చేరినది. పర్డ్యూ విశ్వవిద్యాలయమున చదువుచు వరుసగా మూడేండ్లు దేశములోని మేటి ఆటగాండ్ర జాబితాలో స్థానము పొంది, 1932లో ఇంగ్లీషు సాహిత్యమున పట్టభద్రుడయ్యెను. ఆ కాలమున వృత్తిక్రీడతో ఇల్లు గడచుట దుర్లభము. కనుక అతడు వారమంతయు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు పాఠములు చెప్పి, వారాంతమున జీతమునకు ఆడెడివాడు. అతడు ఆడిన ఇండియానాపొలిస్ జట్టునకు యజమాని ఫ్రాంక్ కౌట్ స్కీ అను పచారీ వర్తకుడు. ఎదుటివారు తప్పుచేసినపుడు అడ్డు లేకుండ బుట్టలోనికి బంతి విసరు అవకాశమును ఫ్రీ త్రో అందురు. వుడెన్ అట్టివానిని ఒక్కటియు తప్పక వరుసగా 134 వేసెనని ప్రసిద్ధి.

యుద్ధకాలమున నౌకాదళమున పనిచేసి వచ్చి, 1946లో ఇండియానా రాష్ట్ర ఉపాధ్యాయ కళాశాలలో శిక్షకుడుగా చేరెను. మరుసటి సంవత్సరమే అతనికి పరీక్ష యెదురైనది. కాన్సస్ సిటీలో జరుగు చిన్న కళాశాలల జాతీయపోటీకి అతని జట్టునకు ఆహ్వానము వచ్చినది. కాని నల్లజాతివారు ఆడరాదని ఆ పోటీ నిబంధన. జట్టులో క్లారెన్స్ వాకర్ అను నల్లజాతి విద్యార్థి యుండెను. అతడు ప్రధాన క్రీడాకారుడు కాడు. అదనపు ఆటగాండ్రలో ఒకడు. అతనిని విడిచి వెళ్లినచో జట్టు బలము పెద్దగా తగ్గెడిది కాదు. అయినను వుడెన్ ఆహ్వానమును నిరాకరించెను. 1948లో పలువురి ఒత్తిడివలన నిబంధన తొలగినది. వాకర్ ఆడెను, జట్టు తుదిపోటీవరకు వెళ్లి లూయివిల్ చేతిలో ఓడెను. వుడెన్ శిక్షకుడుగా నుండగా కళాశాలల జాతీయ తుదిపోటీలో అతని జట్టు ఓడినది ఆ యొక్కసారియే.

ఆ సంవత్సరమే అతడు లాస్ ఏంజెలీస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. అచ్చటి వ్యాయామశాల ఇరుకైనది. ఒక మూల మల్లయోధులు, మరియొక మూల ఇతర వ్యాయామములవారు సాధన చేయుచుండగా ఇతని జట్టు ఆడుకొనవలెను. సాధనకు ముందు నేల తుడుచు పనిలో శిక్షకుడును చేయి కలిపెడివాడు. కొన్నేండ్లు అగ్నిమాపకాధికారుల ఆంక్షలవలన ఊరిలోని ఇతర విద్యాలయముల హాళ్లలో పోటీలు జరుపుకొనవలసి వచ్చెను. మొదటి సంవత్సరమే జట్టు 22 ఆటలు గెలిచినను, జాతీయ విజయము మాత్రము 15 సంవత్సరముల వరకు రాలేదు. నేడైనచో ఏ సంస్థ అంత ఓపిక పట్టును?

ఆ యేండ్లలో అతడు చేసినది బోధన. ప్రతి సాధనకును నిమిషముల లెక్కన పాఠక్రమమును చిన్న అట్టముక్కపై వ్రాసికొనెడివాడు. క్రొత్తగా చేరినవారికి మొదటి పాఠము మేజోళ్లు తొడుగుకొనుట! ముడుత పడినచో పాదము బొబ్బలెక్కును, బొబ్బలెక్కినవాడు ఆడలేడు. 1974-75లో రోలండ్ థార్ప్, రొనాల్డ్ గాలిమోర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు అతని సాధనలను గమనించి, అతడు పలికినవానిని, చేసినవానిని 2,326గా లెక్కించిరి. అందు సగము కేవలము బోధనయే. పొగడ్త నూటికి ఏడు వంతులు, మందలింపు రమారమి అంతే.

1964లో ఫలము చేతికందెను. ఆరడుగుల అయిదంగుళములకు మించిన ఆటగాడు ముఖ్యులలో ఒక్కడును లేని జట్టు, ఆడిన 30 ఆటలును గెలిచి జాతీయ విజేత యయ్యెను. తరువాత కరీం అబ్దుల్ జబ్బార్ గా ప్రసిద్ధుడైన లూ ఆల్సిండర్, బిల్ వాల్టన్ వంటి మహాకాయులు అతని శిష్యులైరి. 1975లో పదవి విరమించు నాటికి 12 సంవత్సరములలో 10 జాతీయ విజయములు, అందు ఏడు వరుసగా, లభించినవి. 1971 నుండి 1974 వరకు 88 ఆటలు ఓటమి లేక సాగినవి.

ఈ చరిత్రకు ఒక మచ్చ కూడ కలదు. ఆటగాండ్రకు నిబంధనలకు విరుద్ధముగా సహాయము చేసిన ఒక ధనికుని కారణమున 1981లో ఆ విశ్వవిద్యాలయమునకు శిక్ష పడినది. వుడెన్ అప్పటికి విరమించి ఆరేండ్లయినది. కాని ఆ ధనికుని పరిచయము అతని దినములనుండియు ఉన్నదే. మేజోళ్ల ముడుతలు చూచిన కన్ను దీనిని ఏల చూడలేదని అడుగువారి ప్రశ్న న్యాయమైనదే. దానిని దాచిన చరిత్ర పొగడ్త మాత్రమగును.

వుడెన్ 2010లో 99 యేండ్ల వయస్సున మరణించెను. పత్రికలన్నియు పది విజయములను లెక్కించి వ్రాసినవి. అవి లెక్కింపదగినవే. కాని 1947లో ఆ చిన్న కళాశాలకు కలిగిన లాభమేమి? విజయపతాకము లేదు, ప్రయాణమే లేదు. జట్టంతయు ఇంట కూర్చున్నది. తమలో తక్కువగా ఆడు ఒక సహపాఠిని వదలి వెళ్లరాదని ఆ బాలురు నేర్చుకొనిరి. ఉపాధ్యాయుడు చెప్పవలసిన పాఠములలో అదియు ఒకటి.