ఫ్లైట్ జాకెట్: ఆకాశపు చలికి కుట్టిన గొర్రెతోలు

ఉన్ని లోపలికి, తోలు పైకి ఉండేలా కుట్టిన గొర్రెతోలు ఫ్లైట్ జాకెట్ పైలట్లను చలి నుంచి కాపాడడానికి పుట్టింది. పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. నేల మీద ఎండ కాస్తున్న రోజున కూడా ఆరు కిలోమీటర్ల ఎత్తులో మైనస్ 20 డిగ్రీల దాకా చలి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలకు పైకప్పు లేదు. ఆ చలికి ఎదురుగాలి తోడై వేళ్లు కొంకర్లు పోయేవి, ముఖం మొద్దుబారేది. దొరికిన కోటల్లా వేసుకుని, వాటి మీద పొడవాటి తోలు కోటు తొడుక్కుని పైలట్లు గాలిలోకి లేచేవారు.

ఈ ఇబ్బందికి 1917లో ఒక దారి చూపినవాడు సిడ్నీ కాటన్. బ్రిటిష్ నౌకాదళ వైమానిక విభాగంలో పనిచేసిన ఆస్ట్రేలియా పైలట్ ఆయన. ఇంజిన్ పని చేస్తూ నూనె, గ్రీజు పట్టిన బట్టలతోనే ఒకరోజు విమానం ఎక్కాడు. తోటివారంతా గడ్డకట్టుకుపోయి దిగితే ఆయనకు మాత్రం అంత చలి అనిపించలేదు. బట్టకు పట్టిన జిడ్డు గాలిని ఆపిందని ఆయనకు అర్థమైంది. ఆ గమనింపు నుంచే ఒంటినంతా కప్పే సిడ్‌కాట్ సూటు తయారైంది. చలి దుస్తులు చేయవలసిన పనులు రెండు: బయటి గాలిని లోపలికి రానివ్వకూడదు, లోపలి గాలిని కదలనివ్వకూడదు. సిడ్‌కాట్ ఆ పనులను వేర్వేరు పొరలకు అప్పగించింది. గొర్రెతోలు ఆ రెంటినీ ఒక్కటే చేస్తుంది. తోలు గాలిని ఆపుతుంది, దానికే అంటుకుని ఉన్న ఉన్ని వెచ్చని గాలిని పట్టి ఉంచుతుంది. పైగా ఉన్ని కొంత చెమటను పీల్చుకున్నా తడిగా తగలదు. ఎత్తున పట్టిన చెమట మంచుగా మారే ప్రమాదం ఉన్నచోట ఇది చాలా పెద్ద మేలు.

గొర్రెతోలు జాకెట్‌కు స్థిరమైన రూపం ఇచ్చిన మనిషి లెస్లీ ఇర్విన్. 1895లో అమెరికాలో పుట్టి, సినిమాల్లో సాహస విన్యాసాలు చేసిన ఇర్విన్ 1919 ఏప్రిల్ 28న ఒహాయో రాష్ట్రంలోని మెకుక్ ఫీల్డ్‌లో విమానం నుంచి దూకి, గాలిలో ఉండగా తన చేత్తోనే పారాచూట్ విప్పుకున్నాడు. నేలకు తగిలినప్పుడు చీలమండ విరిగింది, కానీ ఆ పారాచూట్ పనిచేస్తుందని లోకానికి రుజువైంది. అదే ఏడు పారాచూట్ కంపెనీ పెట్టాడు. 1926లో ఇంగ్లండ్‌లోని లెచ్‌వర్త్‌లో ఫ్యాక్టరీ తెరిచాడు. 1930ల మొదట్లో బ్రిటిష్ వైమానిక దళం కోసం గొర్రెతోలు జాకెట్లు అక్కడి నుంచే వచ్చాయి. పారాచూట్ పట్టీలు కట్టుకునే మనిషి అవసరాలు ఆయనకు తెలుసు. ఆ తెలివిడి జాకెట్ అంతటా కనిపిస్తుంది.

ఇర్విన్ జాకెట్‌ను దగ్గర పెట్టుకుని చూస్తే ఏ భాగమూ ఊరికే పెట్టినట్టు ఉండదు. కాలర్ వెడల్పుగా ఉంటుంది, పైకి లేపి పట్టీ బిగిస్తే చెవుల దాకా కప్పుతుంది. ముంజేయి పొడవునా జిప్ ఉంటుంది. దాన్ని విప్పితే లావుపాటి చేతితొడుగుల అంచు లోపలికి పోతుంది, మళ్లీ మూస్తే మణికట్టు దగ్గర గాలికి సందు దొరకదు. నడుముకు బెల్టు ఉంటుంది, కిందినుంచి చలి పైకి ఎక్కకుండా. బయట జేబులు లేవు. ఇరుకైన కాక్‌పిట్‌లో ఏ మీటకో, పారాచూట్ పట్టీకో తగులుకునే వీలు ఉండకూడదన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది. బ్రిటన్ యుద్ధం జరిగిన 1940 నాటి ఫొటోలలో స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధవిమానాల పైలట్ల ఒంటి మీద ఈ జాకెట్ చూసినవారికి అది వీరత్వపు గుర్తుగా మిగిలిపోయింది. నిజానికి దాని విలువ ఎక్కువగా తెలిసినది బాంబర్ విమానాల సిబ్బందికి. గంటల తరబడి చీకట్లో, తోకభాగంలో ఒంటరిగా కూర్చునే తుపాకీదారుకు అది ప్రాణరక్షణ.

రెండో ప్రపంచ యుద్ధం ముదిరేకొద్దీ పెద్ద తోళ్లు దొరకడం కష్టమైంది. మొదట్లో పెద్ద ముక్కలతో కుట్టిన జాకెట్‌ను తర్వాత చిన్న ముక్కలు జోడించి కుట్టసాగారు. అందుకే ఈనాటి సేకర్తలు వీపు మీద, చేతుల మీద కుట్ల వరుసలు చూసి అది తొలినాటిదా, యుద్ధం మధ్యలోదా అని పోల్చుకుంటారు.

అన్ని గొర్రెల తోళ్లూ ఈ పనికి రావు. ఒత్తైన మెత్తని ఉన్ని ఉన్న జాతులే కావాలి. ఉన్నిని తోలు మీదే ఉంచి పదును చేసి, తర్వాత సమంగా కత్తిరిస్తారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. దక్కను గొర్రెకు ఉన్ని ఉన్నా అది ముతక. తెలంగాణలో గొంగడి నేసేది ఆ ఉన్నితోనే, జాకెట్ లోపలి మెత్తదనానికి అది సరిపోదు.

అమెరికా సైన్యం కూడా 1934లో బి-3 అనే గొర్రెతోలు జాకెట్ నమూనాను ఖాయం చేసింది. ఇది ఇర్విన్ కన్నా బరువుగా కనిపిస్తుంది. కాలర్‌కు రెండు పట్టీలు ఉంటాయి, కుట్ల మీద అదనపు తోలు పట్టీలు వేసి బలపరిచారు, తోలుకు గోధుమరంగు పూత పట్టించారు. బి-17 బాంబర్లలో పక్క కిటికీల దగ్గర నిలబడే తుపాకీదార్లు ఏడున్నర కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 40 డిగ్రీల చలిలో దీన్ని నమ్ముకున్నారు. అయినా చలికి వేళ్లు, చెవులు దెబ్బతిన్నవారు ఎందరో.

గొర్రెతోలుకు హద్దు ఉందని అక్కడే తేలింది. బరువు ఎక్కువ, కదలిక తక్కువ, తోళ్ల సరఫరా చాలదు. 1943 నుంచి అమెరికా దళం ఉన్నితో లైనింగ్ వేసిన గుడ్డ జాకెట్లకు మళ్లింది. కరెంటుతో వేడెక్కే సూట్లు వచ్చాయి. 1944లో యుద్ధంలోకి దిగిన బి-29లో సిబ్బంది గదులకు గాలి పీడనం, వేడి రెండూ అందాయి. మనిషి ఒంటి మీద మోయవలసిన వెచ్చదనాన్ని విమానమే మోసింది. మిగిలిపోయిన జాకెట్లు యుద్ధానంతరం చవకగా అమ్ముడయ్యాయి, బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ నడిపేవారు వాటిని ఏళ్ల తరబడి వాడారు.

అవీ అరిగిపోయాక 1980లలో పాత నమూనాలను ఉన్నదున్నట్టు తిరిగి కుట్టే కొద్దిమంది బయల్దేరారు. ఇంగ్లండ్‌లో ఈస్ట్‌మన్, స్కాట్లాండ్‌లో ఏరో వంటి సంస్థలు పాత జాకెట్లు పరిశీలించి కత్తిరింపు, జిప్, కట్టు అన్నీ వాటిలాగే ఉండేలా శ్రద్ధ పెట్టాయి. ఇంకో దారి డిజైనర్లది. 2010 శరదృతు సేకరణలో బర్‌బెరీ సంస్థకు క్రిస్టఫర్ బెయిలీ చేసిన గొర్రెతోలు ఏవియేటర్ జాకెట్లు పెద్ద సంచలనం. ఆ తర్వాత మామూలు దుకాణాల దాకా ఆ తీరు పాకింది.

ఈ రెండు దారులకూ తేడా ఒంటి మీద వేసుకుంటేనే తెలుస్తుంది. డిజైనర్ జాకెట్‌లో సాధారణంగా తోలు పల్చన, ఉన్ని పొట్టి, కొలత బిగుతు. జేబులు వచ్చి చేరాయి. చాలావాటిలో ముంజేతి జిప్ అలంకారంగా మిగిలింది, కాలర్ పట్టీ గొంతు దాకా బిగిసి మూసుకోదు. అది తప్పేమీ కాదు: కారులో, ఆఫీసులో, వీధిలో తిరిగేవారికి తేలిక జాకెట్టే హాయి. పాత నమూనా కొత్తలో బిరుసుగా ఉంటుంది, ఒంటికి అలవాటు పడడానికి కాలం పడుతుంది. కానీ బైక్ మీద చలిగాలిని ఎదుర్కొనేవారికి దానికి సాటి వచ్చేది డిజైనర్ వరుసలో అరుదు. పేరు చూసి ఎక్కువ డబ్బు పోసి తక్కువ వెచ్చదనం కొనడం మాత్రం నష్టమే.

కొనేముందు లోపలి ఉన్నిని వేళ్లతో పాయ తీసి మొదలు చూడాలి. తోలు కనిపిస్తే అసలుది, అల్లిన గుడ్డ కనిపిస్తే అంటించిన నకిలీ ఉన్ని. హైదరాబాద్, విజయవాడ చలికి ఈ జాకెట్లు రెండూ అక్కర్లేదు. షికాగో, టొరంటో వంటి చోట్ల చలికాలం గడిపే తెలుగువారికి పాత నమూనాయే మేలు. మంచుకు తడిస్తే నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. హీటర్ దగ్గర పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది.