టెలిఫోన్: ప్రసారం నుంచి సంభాషణకు

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేటెంటు పొందిన టెలిఫోన్, ఇద్దరి మధ్య మాటలకే కాక, ఒకచోటి ధ్వనిని ఏకకాలంలో అనేకులకు చేరవేసే ప్రసార సాధనంగానూ తొలినాళ్లలో ఉపయోగపడింది. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ ఒపేరాను, అంటే పాశ్చాత్య సంగీత నాటకాన్ని, తీగల ద్వారా శ్రోతలకు వినిపించగా, ఆ పద్ధతే 1890లో ‘థియేట్రోఫోన్’ అనే వాణిజ్య సేవగా రూపొందింది. 1893లో తివదార్ పుష్కాష్ బుడాపెస్ట్‌లో నెలకొల్పిన ‘టెలిఫోన్ హీర్మోందో’ చందాదారుల ఇళ్లకు వార్తలను, మార్కెట్ ధరలను, సంగీతాన్ని నిర్ణీత వేళల్లో అందించింది. అమెరికాలో టెలిఫోన్ కంపెనీలు తమ సాధనాన్ని ప్రధానంగా వ్యాపార, అత్యవసర అవసరాలకు ఉద్దేశించి, ఇష్టాగోష్ఠిని నిరుత్సాహపరిచినప్పటికీ, గృహిణులు, గ్రామీణులు దానిని ఆత్మీయ సంభాషణకు మలచుకోవడంతో, 1920ల చివరికి ప్రకటనలు సైతం ఆ వాడుకనే ప్రోత్సహించాయి. అదే దశకంలో ప్రసార బాధ్యతను రేడియో చేపట్టింది. థియేట్రోఫోన్ 1932లో మూతపడింది.