అటకెక్కిన యువరాజు

ప్రిన్స్ ఆఫ్ పర్షియా గుర్తుందా? కంప్యూటర్ ల్యాబులో సారు అటు తిరగ్గానే ఒక తరం మొత్తం ఆడిన ఆట.

1989లో జోర్డాన్ మెక్నర్ దీన్ని ఆపిల్ 2 కోసం 6502 అసెంబ్లీలో రాశాడు. తమ్ముడు పరిగెడుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ చూసి బొమ్మలు గీశాడు. ఇంకో పాత్రకి మెమరీ చాలకపోతే, యువరాజు బొమ్మల్నే ఎక్సార్ చేసి నీడమనిషిని పుట్టించాడు!

ఆ సోర్స్ కోడ్ ఏళ్ళ తరబడి కనిపించకుండా పోయింది. చివరికి 2012లో వాళ్ళ నాన్నగారికి ఓ పెట్టెలో ఫ్లాపీలు దొరికాయి. జేసన్ స్కాట్, టోనీ డియాజ్ పాత మెషీన్లతో కుస్తీపట్టి వాటిని చదివించారు. ఇప్పుడది గిట్‌హబ్‌లో ఉంది.

అంటే, ఇంత పేరున్న ఆట కోడ్ కూడా మిగిలింది ఒక తండ్రి పాత పెట్టెని పారెయ్యనందుకే. మరి పేరులేని వాటి సంగతి? అమెరికాలో 2010కి ముందొచ్చిన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకట్లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది.

"ఎమ్యులేటర్లున్నాయిగా" అంటారా? అవి ఆటని ఆడిస్తాయి గానీ, ఎందుకలా రాశారో చెప్పవు. అది తెలిసేది కోడ్‌లో, కామెంట్లలోనే. రోజూ కోడ్ రాసే మనకి ఈ తేడా వేరే చెప్పాలా?