కాలేజీ ఫుట్‌బాల్‌లో తూర్పు తీర పక్షపాతం

అమెరికాలో జాతీయ స్థాయి పత్రికలు, టీవీ చానళ్లు తూర్పు ప్రాంతాల కాలేజీ జట్లకు పెద్దపీట వేస్తాయని, పసిఫిక్ తీరంలోని జట్లనూ రాకీ పర్వత ప్రాంతపు జట్లనూ చిన్నచూపు చూస్తాయని చాలాకాలంగా ఒక ఆరోపణ ఉంది. దానికే తూర్పు తీర పక్షపాతం, వాడుకలో ఈస్ట్ కోస్ట్ బయస్ అని పేరు. బాస్కెట్‌బాల్‌లోనూ ఈ మాట వినిపిస్తుంది గాని, వాదమంతా ప్రధానంగా కాలేజీ ఫుట్‌బాల్ చుట్టూనే నడిచింది. ఈ ఆటలో దేశ విజేత ఎవరో దశాబ్దాల పాటు తేల్చింది విలేకరుల, కోచ్‌ల ఓట్లే. కళ్లారా చూడని జట్టుకు ఓటెయ్యడం ఎవరికైనా కష్టమే.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరుగెత్తుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మన దగ్గర అంతర విశ్వవిద్యాలయ పోటీలు చూడటానికి వచ్చేది ఎక్కువగా ఆటగాళ్ల స్నేహితులే. అక్కడ ఒక్క మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలోనే 1,07,601 మంది పడతారు. జట్లు కాన్ఫరెన్సులు అనే కూటములుగా ఏర్పడి చాలావరకు తమలో తామే ఆడుకుంటాయి. అగ్రశ్రేణిలో వందకు పైగా జట్లుంటే, మామూలు సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 12 మ్యాచులు. కాబట్టి వాషింగ్టన్ గొప్పదా, అలబామా గొప్పదా అన్నది ఏ పాయింట్ల పట్టికా చెప్పలేదు. ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి.

ఓటు పద్ధతి

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1936లో క్రీడా విలేకరుల చేత వారం వారం ర్యాంకులు ఇప్పించే పోల్ మొదలుపెట్టింది. దాన్ని ప్రారంభించింది ఆ సంస్థ క్రీడా సంపాదకుడు అలన్ గౌల్డ్. 1950లో యునైటెడ్ ప్రెస్ కోచ్‌ల పోల్ తెచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ రెండు పోల్స్‌లో మొదటి స్థానం దక్కినవారే జాతీయ విజేతలు. రెండూ వేర్వేరు జట్లను ఎన్నుకుంటే ఆ ఏడు ఇద్దరు విజేతలు. 1998లో వచ్చిన బౌల్ చాంపియన్‌షిప్ సిరీస్ పోల్స్‌నూ కంప్యూటర్ లెక్కలనూ కలిపి, మొదటి రెండు స్థానాల జట్లను ఫైనల్‌కు పంపింది. 2014 సీజన్ నుంచి ఒక కమిటీ ఎంపిక చేసే నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. 2024లో ఆ సంఖ్య 12కు పెరిగింది.

సీజన్ మొదలవకముందే తొలి ర్యాంకులు వెలువడటం ఈ పద్ధతిలో పెద్ద లోపం. అప్పటికి ఎవరూ ఒక్క మ్యాచ్ కూడా ఆడి ఉండరు. పాత పేరును బట్టి పైన నిలిపిన జట్టు ఒక మ్యాచ్ ఓడినా నాలుగు మెట్లు దిగి ఆగుతుంది. కింద మొదలైన జట్టు వరసగా గెలుస్తున్నా, పైవాళ్లు ఓడితే తప్ప పైకి రాలేదు.

మొగ్గు ఎక్కడ మొదలైంది

ఈ ఆట పుట్టింది ఈశాన్య రాష్ట్రాల కాలేజీల్లో. దాని గురించి రాసినవాళ్లదీ ఆ ప్రాంతమే. దేశంలోని ఉత్తమ ఆటగాళ్లతో 'ఆల్ అమెరికా' జట్టును 1889లో తొలిసారి ప్రకటించినప్పుడు పదకొండు మందీ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లే. షికాగో విశ్వవిద్యాలయ ఆటగాడు క్లారెన్స్ హెర్ష్‌బెర్గర్‌కు 1898లో చోటు దొరకడం పశ్చిమానికి దక్కిన తొలి గౌరవంగా చెప్పుకున్నారు. ఆనాటి ఈశాన్యుల లెక్కలో షికాగో కూడా పశ్చిమమే మరి.

ఆ రోజుల్లో దక్షిణాది జట్లనూ ఎవరూ పట్టించుకోలేదు. 1926 జనవరి 1న కాలిఫోర్నియాలో జరిగిన రోజ్ బౌల్ మ్యాచ్‌లో అలబామా 20–19తో వాషింగ్టన్‌ను ఓడించింది. దక్షిణాది ఫుట్‌బాల్ దేశం కంటబడింది ఆ రోజునే. ఇవాళ మీడియా ముద్దుబిడ్డ అని అందరూ ఆడిపోసుకుంటున్న అలబామా ఒకప్పుడు ఇదే ఫిర్యాదు చేయదగిన స్థితిలో ఉండేది.

గడియారం తెచ్చిన చిక్కు

న్యూయార్క్‌కూ లాస్ ఏంజెలిస్‌కూ మధ్య మూడు గంటల తేడా. దేశ జనాభాలో దాదాపు సగం ఈస్టర్న్ టైమ్ జోన్‌లోనే ఉంటుంది. జాతీయ పత్రికలు, టీవీ నెట్‌వర్కుల ప్రధాన కార్యాలయాలు చాలావరకు న్యూయార్క్‌లో ఉన్నాయి. 1979 సెప్టెంబరు 7న ప్రసారాలు మొదలుపెట్టి క్రీడావార్తలను శాసించే స్థాయికి ఎదిగిన ఈఎస్‌పీఎన్ కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిస్టల్ నుంచి నడుస్తుంది.

పసిఫిక్ తీరంలో శనివారం రాత్రి ఏడున్నరకు మ్యాచ్ మొదలైతే న్యూయార్క్‌లో పదిన్నర అవుతుంది. ఆట సాగేది మూడున్నర గంటల దాకా. అది ముగిసేసరికి తూర్పున రాత్రి రెండు. ఆ వేళకు ఉదయం పత్రిక అచ్చయిపోయి ఉంటుంది, ఆదివారం ఓటు పంపాల్సిన విలేకరి నిద్రలో ఉంటాడు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అదే మ్యాచ్ మనకు ఆదివారం ఉదయం ఎనిమిదికి మొదలవుతుంది. బోస్టన్ ఓటరు కన్నా హైదరాబాద్‌లో కాఫీ తాగుతూ కూర్చున్నవాడికే దాన్ని చూడటం తేలిక.

ఈ అర్ధరాత్రి ఆటలకు అభిమానులు 'పాక్-12 ఆఫ్టర్ డార్క్' అని పేరు పెట్టుకున్నారు. పాక్-12 అంటే పశ్చిమ జట్ల కాన్ఫరెన్స్. అయితే ఈ వేళలు ఎవరో బలవంతంగా రుద్దినవి కావు. ఆ కాన్ఫరెన్స్ 2011లో ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో 12 ఏళ్లకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. తూర్పు ఆటలన్నీ అయిపోయాక ఖాళీగా ఉండే రాత్రి వేళను నింపే సరుకు చానళ్లకు కావాలి. అది అమ్మగలిగింది పశ్చిమ జట్లే. డబ్బు తీసుకుని వేళను అమ్మేసి, ఆ తర్వాత తమను ఎవరూ చూడటం లేదని బాధపడ్డారన్న విమర్శలో నిజం ఉంది. మిగిలిన మ్యాచుల కోసం 2012లో కాన్ఫరెన్స్ సొంతంగా పెట్టుకున్న పాక్-12 నెట్‌వర్క్‌ను ఉపగ్రహ టీవీ సంస్థ డైరెక్‌టీవీ ఏనాడూ తన చానళ్లలో చేర్చుకోలేదు. దాంతో చాలా ఇళ్లలో ఆ చానలే రాలేదు.

చూపుకూ ఓటుకూ సంబంధం ఉందనడానికి ఆధారం ఉంది. 2007 సీజన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ ఓటర్ల బ్యాలట్లను పరిశీలించి ఆర్థికశాస్త్రవేత్తలు 2010లో ఒక అధ్యయనం వెలువరించారు. ఓటర్లు తమ రాష్ట్రపు జట్లవైపు, పెద్ద చానళ్లలో కనిపించిన జట్లవైపు మొగ్గారని అందులో తేలింది. అంటే తూర్పువాడికే కాదు, ప్రతివాడికీ తన ఊరి పక్షపాతం ఉంది. టీవీ పక్షపాతం దాని మీద అదనం.

దేశం దృష్టిలో పడటానికి పశ్చిమ అభిమానులు పడ్డ పాట్లలో ముచ్చటైనది వాషింగ్టన్ స్టేట్ జెండా కథ. ఈఎస్‌పీఎన్‌లో శనివారం ఉదయం వచ్చే 'కాలేజ్ గేమ్‌డే' కార్యక్రమం వారానికో కాలేజీ ఊరికి వెళ్లి జనం మధ్య నుంచి ప్రసారమవుతుంది. అది తమ చిన్న ఊరు పుల్‌మన్‌కు రావడం లేదని, ఆ విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థులు 2003 నుంచి కార్యక్రమం ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరికి వెళ్లి కెమెరా వెనకాల తమ జెండా ఊపడం మొదలుపెట్టారు. గేమ్‌డే పుల్‌మన్‌లో అడుగుపెట్టింది 2018 అక్టోబరులో. జెండా పదిహేనేళ్లు తిరిగాక.

హైస్‌మన్ ట్రోఫీ

కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఈ బహుమతిని 1935లో న్యూయార్క్‌లోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ నెలకొల్పింది. తొలి ఏడాది నిబంధన ప్రకారం మిసిసిపీ నదికి తూర్పున ఆడేవాళ్లే అర్హులు. నదికి అవతలివాళ్లను చేర్చుకుంది 1936లో. ఇంత బాహాటంగా రాసి పెట్టుకున్న ప్రాంతీయ పక్షపాతం క్రీడల్లో మరొకటి కనిపించడం అరుదు.

తర్వాతి కాలంలో దేశాన్ని ఆరు మండలాలుగా విభజించి మండలానికి 145 మంది చొప్పున 870 మంది మీడియా ఓటర్లను నియమించారు. కాగితం మీద ఇది సమానమే. కాని దూర పశ్చిమ మండలం ఆరింటిలో ఒకటి. మిగిలిన అయిదు మండలాల ఓటర్లకు పశ్చిమ ఆటగాడు తెలిసేది హైలైట్ల ద్వారానే. స్టాన్‌ఫర్డ్ ఆటగాళ్లు 2009 నుంచి 2017 మధ్య అయిదుసార్లు రెండో స్థానంలో ఆగిపోయారు: టోబీ గెర్‌హార్ట్, రెండుసార్లు ఆండ్రూ లక్, క్రిస్టియన్ మెకాఫ్రీ, బ్రైస్ లవ్. గెర్‌హార్ట్ ఓడింది 28 పాయింట్లతో, ట్రోఫీ చరిత్రలోనే అతి స్వల్ప తేడా. మెకాఫ్రీ 2015లో బంతితో మొత్తం 3,864 గజాలు ముందుకు సాగి 1988 నాటి బారీ శాండర్స్ రికార్డును చెరిపేసినా ట్రోఫీ అలబామా ఆటగాడు డెరిక్ హెన్రీకి వెళ్లింది. ఈ సంగతి ముందే గ్రహించిన ఓరెగన్ విశ్వవిద్యాలయ పక్షం 2001లో తమ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే కీలక ఆటగాడు) జోయీ హారింగ్టన్ బొమ్మతో పది అంతస్తుల హోర్డింగును న్యూయార్క్‌లో పెట్టించింది. ఖర్చు రెండున్నర లక్షల డాలర్లు. అతను నాలుగో స్థానంలో నిలిచాడు.

మరోపక్క లాస్ ఏంజెలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా ఆటగాళ్లు 2002, 2004, 2005లలో ఈ ట్రోఫీ గెలిచారు. 2014లో ఓరెగన్ ఆటగాడు మార్కస్ మారియోటా గెలిచాడు. పేరు మోసిన జట్టుకు మూడు గంటల తేడా పెద్ద అడ్డు కాలేదు. 1956లో పది మ్యాచుల్లో రెండే గెలిచిన నోటర్ డామ్ జట్టు నుంచి పాల్ హోర్నుంగ్‌కు ట్రోఫీ ఇచ్చిన ఓటర్లు చూసింది కూడా జట్టు పేరునే.

వివాదాలు

పశ్చిమ అభిమానులు తరచూ ఎత్తిచూపే అన్యాయాలు మూడు. వాటిలో రెండింటికి నింద విలేకరుల మీద నిలవదు. 2001లో ఓరెగన్ రెండు పోల్స్‌లోనూ రెండో స్థానంలో ఉంది. కంప్యూటర్ లెక్కలు దాన్ని కిందికి తోసి, తన చివరి మ్యాచ్‌లో కొలరాడో చేతిలో 62–36తో చిత్తయిన నెబ్రాస్కాను ఫైనల్‌కు పంపాయి. నెబ్రాస్కా అక్కడా మయామీ చేతిలో 37–14తో ఓడింది. 2003లో సదరన్ కాలిఫోర్నియా రెండు పోల్స్‌లోనూ మొదటి స్థానం. అయినా ఫైనల్ దక్కలేదు. ఫైనల్‌లో ఒక్లహోమాను ఓడించిన లూసియానా స్టేట్ అధికారిక విజేత కాగా, విలేకరులు మాత్రం సదరన్ కాలిఫోర్నియాకే కిరీటం పెట్టారు. పక్షపాతులని పేరుపడ్డవాళ్లే పశ్చిమం పక్షాన నిలబడ్డారు.

మూడోది 2004లో జరిగింది. నాలుగో స్థానంలో ఉన్న బర్కిలీలోని కాలిఫోర్నియా జట్టుకు రోజ్ బౌల్ ఖాయమనుకున్నారు. టెక్సస్ కోచ్ మ్యాక్ బ్రౌన్ తమ జట్టుకు ఓటెయ్యమని బాహాటంగా అడిగాడు. చివరి వారం కాలిఫోర్నియా గెలిచినా ఓట్లు టెక్సస్ వైపు జరిగి, ఆ అవకాశం టెక్సస్‌కే పోయింది. విమర్శలు రేగడంతో అసోసియేటెడ్ ప్రెస్ తన పోల్‌ను బౌల్ చాంపియన్‌షిప్ సిరీస్ లెక్కలో వాడవద్దని అదే డిసెంబరులో తేల్చిచెప్పింది.

కిరీటం దక్కినా వివాదం తప్పని సందర్భమూ ఉంది. యూటాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం 1984లో అన్ని మ్యాచులూ గెలిచి రెండు పోల్స్‌లోనూ విజేత అయింది. బలహీన జట్లతో ఆడి గెలిచిందన్న ఎత్తిపొడుపు మాత్రం నేటికీ దాన్ని వదల్లేదు.

దక్షిణానికి మళ్లిన మొగ్గు

1984లోనే సుప్రీంకోర్టు 7–2 తీర్పుతో కాలేజీ ఫుట్‌బాల్ ప్రసారాల మీద జాతీయ కాలేజీ క్రీడాసంఘం గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. అప్పటిదాకా ఒక జట్టు టీవీలో ఎన్నిసార్లు కనిపించాలో ఆ సంఘం పరిమితి పెట్టేది. తీర్పు తర్వాత ఎవరి హక్కులు వాళ్లు అమ్ముకోసాగారు. ఎక్కువమంది చూసే జట్లకు ఎక్కువ డబ్బు, ఎక్కువ డబ్బుతో మంచి కోచ్‌లు, దానివల్ల మరింతమంది ప్రేక్షకులు. దక్షిణాది జట్ల సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఇందులో అందరినీ మించిపోయింది. ఆ కాన్ఫరెన్స్ పేరిట 2014లో మొదలైన ఎస్‌ఈసీ నెట్‌వర్క్ యజమాని ఈఎస్‌పీఎన్. ఒక కాన్ఫరెన్స్ మీద వ్యాపారం చేసే సంస్థే దాని బలాబలాలను విశ్లేషించడం పాత్రికేయ ధర్మం ప్రకారం ఇబ్బందికరమైన సంగతే. ఆ కాన్ఫరెన్స్ జట్లు 2006 నుంచి 2012 దాకా వరసగా ఏడు టైటిళ్లు గెలిచింది మైదానంలోనే అన్నదీ అంతే నిజం.

2023లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ విజేత ఫ్లోరిడా స్టేట్ 13 మ్యాచులకు 13 గెలిచినా, క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడన్న కారణంతో కమిటీ దాన్ని పక్కన పెట్టి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాను ప్లేఆఫ్‌కు తీసుకుంది. అదే ఏడాది దూర పశ్చిమపు వాషింగ్టన్‌కు చోటు దొరికింది. కనెక్టికట్, న్యూజెర్సీ, మసాచుసెట్స్ జట్లకు టీవీ కాలంలో ఈ మీడియా వల్ల పెద్ద మేలు జరగలేదు. తూర్పు తీర పక్షపాతమన్న పేరు పాతబడింది. జరుగుతున్నది ప్రేక్షకుల సంఖ్య, ప్రసార ఒప్పందాలు చూసి వేసే లెక్క.

పాక్-12 చెదిరిపోవడం

2022 జూన్ 30న సదరన్ కాలిఫోర్నియా, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తాము మధ్య పశ్చిమ రాష్ట్రాల బిగ్ టెన్ కూటమిలో చేరుతున్నట్టు ప్రకటించాయి. మరుసటి ఏడాది ఆగస్టులో ఓరెగన్, వాషింగ్టన్ కూడా అదే దారి పట్టాయి. పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ జట్లు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. 2024 నాటికి పాక్-12లో మిగిలినవి ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే. కాన్ఫరెన్స్ సొంత చానల్ ఆ జూన్‌లో మూతపడింది.

బిగ్ టెన్‌లో తొలి సీజన్ ఆడిన ఓరెగన్ 2024 అక్టోబరు 12న సొంత ఊరు యూజీన్‌లో ఒహాయో స్టేట్‌ను 32–31తో ఓడించింది. ఎన్‌బీసీ ప్రసారం చేసిన ఆ మ్యాచ్ స్థానిక కాలమానం ప్రకారం సాయంత్రం నాలుగున్నరకు, అంటే న్యూయార్క్ వారికి ఏడున్నరకు మొదలైంది. మరుసటి వారం అసోసియేటెడ్ ప్రెస్ పోల్‌లో మొదటి స్థానానికి చేరిన ఓరెగన్ మామూలు సీజన్ ముగిసేదాకా అక్కడే ఉంది. ప్లేఆఫ్ క్వార్టర్‌ఫైనల్‌లో అదే ఒహాయో స్టేట్ చేతిలో 41–21తో ఓడింది.